కింద మోగే పాటలు

సిగ్నల్ లేని ఊళ్ళో ఎవరైనా పోతే ఆ కబురు ఆటోలో రావాలి. మా డ్రైవర్ మావయ్య పోయిన కబురూ అలాగే వచ్చింది. అరకులో నా షాపు షట్టరు ఎత్తి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించబోతుంటే ఆటో ఆగింది. అందులోంచి మావయ్య భార్య ఒక్కతే దిగింది. నేను ఆవిడని అత్తా అని పిలుస్తాను. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో సంచీ లేదు. సంచీ లేకుండా అత్త అరకు రావడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ మావ లెగట్లేదే గుంటా," అంది. "పిలిత్తే ఇనబడదు గదాని తట్టినాను. తట్టినా లెగట్లేదు."

ఆయన ఇక లేవడని ఆవిడకి తెలుసు. తెలిసే ఆటో ఎక్కింది. అయినా నా వంక చూస్తోంది. నా షాపుకి వచ్చేవాళ్ళందరూ నన్ను అలాగే చూస్తారు, ఈ పిల్ల ఏదో ఒకటి నొక్కి బాగుచేసేస్తుందిలే అన్నట్టు. ఆధార్ లింకు కాకపోయినా, ఫోను నీళ్ళలో పడినా, పింఛను ఆగిపోయినా నేను ఏదో ఒకటి నొక్కుతాను. ఆ పొద్దున నొక్కడానికి ఏమీ లేదు. షట్టరు దించి, అదే ఆటోలో ఆవిడ పక్కన కూర్చున్నాను.

మీరు ఆయన పేరు విని ఉండరు, వినాల్సిన పనీ లేదు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైన్లో ఉద్యోగమంతా ఇనుపరాయి బళ్ళు నడిపిన గూడ్సు డ్రైవరు. విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. హుకుంపేట దగ్గర కొండమీది అమ్మాయిని పెళ్ళి చేసుకుని, రిటైరయ్యాక ఆవిడ ఊళ్ళోనే, ఆవిడ కాఫీ తోట పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. పిల్లల్లేరు. నాకు ఆయన మేనమామా కాదు, ఏ చుట్టరికమూ లేదు. మొదట్లో నేను మీరు అనేదాన్ని. "మీరంటే నాకు ఇన్‌స్పెక్షనుకొచ్చినోళ్ళు గుర్తొస్తన్నారే. మావయ్యా నువ్వు అను, సాలు," అన్నాడు. అప్పట్నించీ అదే పిలుపు.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. జాజ్ అనీ ఫంక్ అనీ అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన సంగీతం. అందులోనూ సాఫీగా సాగేవి ఆయనకి ఆనవు. ఎటు తిరుగుతాయో ముందు తెలియనివే కావాలి. ఈ కొండల్లో ఆ సంగీతం వినేవాళ్ళు ఆయన కాక ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఆయన మాత్రం తనొక్కడే అని ఎప్పుడూ అనుకోలేదు. "ఎక్కడో ఒకడు ఇంటన్నాడు గాబట్టేగదే అచ్చేత్తన్నారు," అనేవాడు.

మొదటిసారి నా షాపుకి ఒక శుక్రవారం, సంతరోజు వచ్చాడు. అప్పట్లో నా షాపు బతికిందే మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం మీద. అందరూ హీరో పేరు చెప్పి కార్డు ఇచ్చేవాళ్ళు, నేను నింపి ఇచ్చేదాన్ని. ఈయన మాత్రం చంకలోంచి గోనెగుడ్డ చుట్టిన చదరం రికార్డు అట్ట ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. దానిమీద కళ్ళు మూసుకుని బూర ఊదుతున్న మనిషి బొమ్మ.

"పాట పేరు చెప్పండి," అన్నాను.

"ఇది నా దగ్గరుందమ్మా. ఇది వద్దు. దీని తర్వాత ఈ మనుసులు ఏటి సేసినారో అది కావాలి."

అలాంటి బేరం నాకు అంతకుముందు తగల్లేదు. అట్ట మీది అక్షరాలు ఒక్కొక్కటే కొట్టి వెతికి, తర్వాతి ఆల్బమ్ పట్టుకుని దించాను. పనిచేస్తోందో లేదో చూద్దామని మోగిస్తే లోపల ఏదో కీచుమంటోంది, ఇంకేదో దబదబలాడుతోంది. ఫైలు పాడైందనుకుని తీసేసి మళ్ళీ దించాను. మళ్ళీ అదే. "ఫైలు చెడిపోయిందండీ," అన్నాను. ఆయన ఫోను చెవికి ఆనించుకుని, సంత రద్దీలో, పక్కన అల్లం బస్తాలు దింపుతుంటే, అలాగే నిలబడి విన్నాడు.

"సెడిపోలేదు. ఆడు అలాగే ఊదుతాడు," అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం ఎందుకో నాకు అప్పుడు బొత్తిగా అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆదివారాలు నేను వాళ్ళింటికి వెళ్ళడం మొదలైంది. ఆ ఊళ్ళో సిగ్నల్ లేదు కాబట్టి అరకులో దించినవి నేనే మోసుకెళ్ళాలి. అసలు కారణం అత్త వండే కోడికూర అని మా అమ్మ దెప్పేది, అదీ అబద్ధం కాదు. కాని నాకు వెతకడం కూడా రుచి పట్టింది. ఒక రికార్డు వెనక అట్ట మీద డ్రమ్ములు కొట్టినవాడి పేరు పట్టుకుని, వాడు ఇంకెక్కడెక్కడ వాయించాడో చూసేదాన్ని. అక్కడ ఇంకొకడు తగిలేవాడు. వాణ్ణి పట్టుకుంటే ఏ లాగోస్‌లోనో, లండన్‌లోనో నా వయసు పిల్లలు ఇప్పుడు వాయిస్తున్నది తగిలేది. పాతది పట్టుకుని కొత్తదానికీ, కొత్తది పట్టుకుని పాతదానికీ తిరిగేవాళ్ళం. పాతవి ఆయన రికార్డుల్లో వినిపించేవాడు, కొత్తవి నేను నా డబ్బా స్పీకరులో వినిపించేదాన్ని.

రికార్డులు ఆయనకి వాల్తేరులో దొరికాయి. రైల్వేలో కొత్తగా చేరినప్పుడు ఆయన పై డ్రైవరు ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. ఆ పెద్దాయన దేశం వదిలి వెళ్తూ ప్లేయరూ, ఉన్న రికార్డులూ అసిస్టెంటుగా ఉన్న మావయ్య చేతిలో పెట్టి, "దాచకు, అరగదియ్యి," అని చెప్పి వెళ్ళాడట. తర్వాత విశాఖలో పాత సామాన్ల దుకాణాల్లో మావయ్య ఇంకొన్ని పోగేశాడు. ఏ రికార్డుకీ ఆయన అసలు పేరు వాడేవాడు కాదు, సొంత పేర్లు పెట్టుకున్నాడు. నెమ్మదిగా, ఎంతకీ తెగకుండా ఎక్కుతూ పోయేది శిమిలిగూడ, ఆ లైన్లో అన్నిటికంటే ఎత్తున ఉన్న స్టేషను. గుహలో వాయించినట్టు మారుమోగేది బొర్రా. ముగ్గురు ఒకేసారి ఊదేది మూడింజన్లది.

మొదట్లో నేను చాలా విసుక్కున్నాను. నాకు నోరు ఎక్కువ. "వీళ్ళు వాయిస్తున్నారా, పోట్లాడుకుంటున్నారా?" అని అడిగాను.

"పోట్లాట కాదే. అదిగో, ఆడు దారి తప్పీసినాడు. మిగిలినోళ్ళు ఆడికోసం ఆగరు. ఆడే తిరిగొచ్చి కలవాల. ఎలాగొస్తాడో ఇను."

విన్నాను. వాడు తిరిగి వచ్చాడు. ఎక్కణ్ణించి వచ్చాడో నాకు తెలియలేదు గాని, వచ్చి కలిసినప్పుడు నా ఒళ్ళు జల్లుమంది. ఆ రోజు నుంచీ నేనూ చెడిపోయాను.

"మొదటిసారే నచ్చిందంటే కాస్త అనుమానించాలే గుంటా," అనేవాడు. నచ్చకపోతే పక్కన పెట్టి నెలయ్యాక మళ్ళీ వేసేవాడు. "అది మారదు. మనం మారినామేమో సూద్దారి," అనేవాడు. అత్తకి ఇదంతా పట్టదు. పెరట్లోంచి, "ఈ గోలకి కోళ్ళు గుడ్లెట్టడం మానేసినాయి," అని కేకేసేది. ఆయన శబ్దం ఇంకాస్త పెంచేవాడు.

ఒక ఆదివారం డ్రమ్ములు చాలా మెత్తగా వాయించే పాత రికార్డు ఒకటి వేశాడు. అందులో ఒకడు ఇత్తడి తాళాన్ని సన్నగా, ఆపకుండా తట్టుతూ ఉంటాడు. పాటంతా దానిమీదే నిలబడి ఉంటుంది. కాసేపటికి మావయ్య ప్లేయరు ముల్లు ఎత్తి తుడిచాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఎత్తాడు.

"తాళం కొట్టేవోడు ఏడే?" అన్నాడు.

నాకు స్పష్టంగా వినిపిస్తోంది. "వస్తోంది మావయ్యా," అన్నాను. ఆయన నా వంక చూశాడు, తర్వాత రికార్డు వంక చూశాడు. అది తిరుగుతూనే ఉంది.

ఆ లైన్లో సొరంగాలన్నిట్లోనూ ఇంజన్లోంచి తల బయటపెట్టి, హారన్ కొట్టుకుంటూ నడిపిన చెవులు అవి. సన్నటివి ముందు పోయాయి. పిట్టలు పోయాయి, కుక్కరు కూత పోయింది, బూర పైకి ఎక్కినప్పుడల్లా ఆ పై ముక్క పోయింది. ఇంకాస్త పెద్ద స్పీకరు తెచ్చాను. ఫోనులో సన్నటి శబ్దాలు పెంచే మీటలన్నీ పైకి తోశాను. ఎముక మీద ఆనించే హెడ్‌ఫోను ఒకటి తెప్పించి కణతలకి పెట్టాను. "గిలిగింతలెడతంది," అన్నాడు, నన్ను నవ్వించాలని. నవ్వాను. వారం వారం ఆయన ఒక్కో వాయిద్యాన్నీ పోగొట్టుకుంటుంటే పక్కన కూర్చుని చూడటం తప్ప నేను చేయగలిగింది లేదు. ఆ నిస్సహాయత నాకు కోపంగా మారేది. ఇంటికెళ్ళి మా అమ్మ మీద విసుక్కునేదాన్ని.

ఒకరోజు ఆయనే అన్నాడు, "పైన మోగేవి ఇంక తేవద్దే. కింద మోగేవి అట్టుకురా."

అలా మేం ఫంక్‌లోకి దిగాం. అంతకుముందు అది ఆయనకి పక్క గది లాంటిది, అప్పుడప్పుడు తొంగిచూసేవాడు. ఇప్పుడు కాపురం అక్కడికే మార్చాడు. జాజ్‌లో అందరూ తిరుగుతూ ఉంటారు. ఫంక్‌లో కింద లావు తీగల గిటారు వాయించేవాడు కదలకుండా ఒకే ముక్క పట్టుకుని కూర్చుంటాడు, మిగిలినవాళ్ళు వాడి చుట్టూ ఆడతారు. నేను తవ్వి తీసుకొచ్చాను. యాభై ఏళ్ళ కిందటివీ, నిరుడు వచ్చినవీ. అందులో కూడా ఆయనకి మామూలువి కుదరవు. పాట మధ్యలో తాళం తలకిందులు చేసేవాళ్ళు కావాలి. స్పీకరు పెట్టెని చెక్కమంచం కింద పెట్టి, మంచం మీద వెల్లకిలా పడుకుని వినేవాడు. చెవితో కాదు, వీపుతో.

"ఈ గుంటలు మా పాతోళ్ళకంటే ముదుర్లే," అన్నాడు ఒకసారి, ఇప్పటి పిల్లల ఆల్బమ్ ఒకటి విని. "ఎక్కడ అడుగేస్తాడనుకుంటే అక్కడెయ్యడు. మంచి ఎదవలు." ఆయన ఇచ్చే పెద్ద మెప్పు అది.

అలా కొంతకాలం గడిచింది. కిందటి వానాకాలానికి కిందివి కూడా సన్నగిల్లడం మొదలైంది. ఆసుపత్రి మాట ఎత్తితే తప్పించుకునే ఆయన్ని బలవంతాన ఒప్పించి విశాఖ తీసుకెళ్ళాను. అత్త తోట వదిలి రాలేనంది. పరీక్షలకి రెండ్రోజులు పట్టింది. నరం పోయిందన్నాడు డాక్టరు. చిన్నవాడు, మంచివాడు, మావయ్యకి కనిపించేలా పెదాలు నెమ్మదిగా కదిపి మాట్లాడాడు. చెవి మిషను పెడితే మాట కాస్త తెలుస్తుంది, సంగీతం అంటే మాత్రం చెప్పలేను అన్నాడు. మిషను పెట్టాక బయట మెట్లమీద కూర్చుని ఫోనులో పాట ఒకటి మోగించాను. మావయ్య కాసేపు తలవంచి విని, మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "రేకుల సెడ్డు మీద వాన పడతన్నట్టుందే," అన్నాడు.

తిరుగు ప్రయాణం ఆయన లైన్ మీదే. టైడా దాటాక సొరంగాలు వరసగా వచ్చాయి. రైలు పెట్టెలో పిల్లలు ఎప్పట్లాగే చీకటి పడ్డప్పుడల్లా కేకలు పెడుతున్నారు. మావయ్య కిటికీ ఊచ మీద చెయ్యి వేసుకుని, నవ్వుతూ, సొరంగం రాబోయే ముందే నాకు సైగ చేస్తున్నాడు. ఒక్కటీ తప్పలేదు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కొండల్లో ముసురు పట్టిందంటే అన్నిటికీ బూజు పడుతుంది. బట్టలకీ, చెప్పులకీ, పటాలకీ. వానాకాలమంతా మావయ్యకి ఒక పని ఉండేది, మెత్తని పాత పంచె ముక్కతో రికార్డులు ఒక్కొక్కటే తుడవడం. కిందటేడు ఆయన ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదో ఎవరూ అడగలేదు. రికార్డుల మీద తెల్లగా బూజు పేరుకుంది. అత్త అదంతా చూస్తూ ఊరుకుంది.

మేం విశాఖలో ఉన్న రెండ్రోజులూ ఇక్కడ ఎండ కాసింది. స్టేషన్ నుంచి ఆటోలో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. ఇంటిముందు సిమెంటు కళ్ళం ఉంటుంది, కాఫీ గింజలూ మిరియాలూ ఎండబెట్టుకునేది. తడిసింది ఏదైనా అత్తకి తెలిసిన వైద్యం ఒకటే. కడగడం, కళ్ళంలో పరవడం, గంటకోసారి తిరగెయ్యడం. పుట్టినప్పట్నించీ ఆవిడ చేస్తున్న పని అది, ఆ చేతుల్లో ఏ గింజా పాడవలేదు. ఆ మధ్యాహ్నం కళ్ళం నిండా నల్లగా వరసలు వరసలుగా రికార్డులు. నడుం వంచి అత్త వాటిని జాగ్రత్తగా, గోరు తగలకుండా, ఒక్కొక్కటే తిరగేస్తోంది.

"కుంకుడు రసంతో కడిగీసినాను," అంది మమ్మల్ని చూసి. మొహం వెలిగిపోతోంది. "నిన్నొకపాలి, ఇయ్యాలొకపాలి ఎండెట్టినాను. బూజంతా పోనాది సూడు."

బూజు పోయింది. రికార్డులన్నీ అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. కొన్ని అంచులు పైకి లేచాయి, కొన్ని మధ్యలో గుంటపడ్డాయి. నా నోరు సంగతి నాకు తెలుసు. అది తెరుచుకునే లోపలే మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా, నొప్పి పుట్టేలా.

"బాగా సేసినావు," అన్నాడు ఆవిడతో. తనకి తన గొంతు వినబడదు కాబట్టి ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

లోపలికి వెళ్ళి ఆయన ప్లేయరు మీద ఒకటి పెట్టాడు. శిమిలిగూడ. ముల్లు పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. స్పీకర్లోంచి వస్తున్నదాన్ని ఎలా చెప్పను. నేను కంఠతా ఎరిగిన పాట, తాగినవాడు పాడినట్టు సాగి, ముడుచుకుని, మళ్ళీ సాగుతోంది. మావయ్య అరచెయ్యి స్పీకరు చెక్క మీద ఉంది. ఆయనకి ఎంత తెలుస్తోందో నాకు తెలియదు. చెప్పాలా వద్దా అని నేను నలిగిపోతున్నాను. ఆయన ముల్లునే చూస్తున్నాడు.

"ఇలాటిది పెపంచకంలో ఇంకెవుడూ ఇని ఉండడే గుంటా," అన్నాడు. "కొత్త ఆల్బమ్ ఇది. మనమే మొదటోళ్ళం."

తలుపు దగ్గర నిలబడి అత్త చూస్తోంది. "ఏటి, అలా ఊగతంది?" అంది. ఆవిడ నా మొహం చూసింది, ముల్లుని చూసింది. తెలివితక్కువది కాదు. వెళ్ళి కళ్ళంలో మిగిలిన వరసల మధ్య కూర్చుంది. ఎండ పోయేదాకా అక్కడే కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "నాకు తెలీదే," అంది. ఆ ఒక్కమాటే. ఎవరి తప్పని ఎంచను? చేతనైనంత బాగా చేసింది. ఎండ కూడా దాని పని అది చేసింది.

నేను ఊరుకోలేదు. అరకు తీసుకొచ్చి, గాజు పలకల మధ్య పెట్టి, పైన కాగితాల కట్టలు బరువు పెట్టాను. ఎక్కడెక్కడివో వీడియోలు చూసి అన్నీ చేశాను. కొన్ని చదునయ్యాయి, ముల్లు నడిచే సన్న గాట్లు మాత్రం కరిగి కలిసిపోయాయి. మూడింజన్లది పగిలింది. పగిలిన ముక్కలు ఆయనకి చూపించలేక షాపులోనే ఉంచేశాను.

ఆ తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి ఇంట్లో కొత్త ఏర్పాటు కనిపించింది. మావయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు, కింద స్పీకరు మోగుతోంది. కోళ్ళు గుడ్లు పెట్టడం లేదని కేకలేసిన మనిషి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆయన మణికట్టు తన ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళతో తాళం తట్టుతోంది. నేను రోజూ ఉండను కదా. ఆవిడ రోజూ ఉంటుంది. ఆయనకి వినబడనిది విని చెప్పే పని ఆవిడ తీసుకుంది, ఎవరూ చెప్పకుండానే.

వాయిద్యాల పేర్లు ఆవిడకి తెలియవు. తనే పెట్టుకుంది. ట్రంపెట్ పుంజు. శాక్సఫోన్ ముక్కుతో ఏడ్చేది. కింద మోగే లావు గిటారు పెద్దోడు. ఆయన కళ్ళముందు చెయ్యి ఊపి, పెదాలు పెద్దగా కదిపి చెప్పేది. "పుంజు ఒచ్చింది. పెద్దోడు కదల్లేదు. ఇప్పుడా ముక్కుదొచ్చి పుంజుని తోసీసింది." మావయ్య నవ్వేవాడు. కొన్నిసార్లు, "కాదు, అది తొయ్యడం కాదు, పిలవడం," అనేవాడు. వినబడని మనిషి విన్న మనిషిని సరిదిద్దుతుంటే ఆవిడ, "నువ్వెక్కడిన్నావు, ఊరుకో," అనేది. ఆ ఇంట్లో అంత మాట్లాడుకోవడం అంతకుముందు నేను వినలేదు.

సంతోషంగా ఉండేవాళ్ళని అనుకోకండి. అలా రాస్తే అబద్ధమవుతుంది. పాట అయిపోయాక ఆయన మంచం మీద అలాగే పడుకుని పైకప్పు చూస్తూ ఉండేవాడు. ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, "మంచం కింద పెట్టె మోగతందా, ఆపీసినావా?" అని అడిగాడు. మోగుతోంది. బాగా గట్టిగా మోగుతోంది, గిన్నెలు కూడా అదురుతున్నాయి. మోగుతోందని తలూపాను. "సరేలే," అని కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు వీపు కూడా ఆయన్ని వదిలేసిందని నాకు అర్థమైంది. అత్త తట్టడం ఆపలేదు. అప్పటినుంచీ ఆయనకి ఉన్న సంగీతమంతా ఆ రెండు వేళ్ళే.

చివరిసారి నేను తీసుకెళ్ళింది ఇప్పటి పిల్లల ఆల్బమ్. ఇద్దరు డ్రమ్ములు కొడతారు, ఎవరి దారి వాళ్ళది. రెండు తాళాలు ఎలా తట్టడమని అత్త తికమకపడింది. చివరికి ఆయన రెండు చేతులూ తీసుకుని ఒక్కో చేతి మీద ఒక్కోటి తట్టింది, తప్పుతూ, మళ్ళీ పట్టుకుంటూ. మావయ్య కళ్ళు పెద్దవి చేసి నా వంక చూశాడు. సంతరోజున నా కౌంటరు దగ్గర చూసిన మొహం అది. "ఇది దొరికినాదే నీకు," అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అది. ఆ వారంలోనే ఆటో వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. కళ్ళంలో షామియానా విప్పుకుపోయారు. నేను గిన్నెలు సర్దుతుంటే అత్త మంచం పక్కన పీట మీద కూర్చుంది. మంచం మీద పరుపు లేదు, చెక్కలు కనిపిస్తున్నాయి.

"కొత్తదేటైనా తెచ్చినావా?" అంది.

తెచ్చాను. ఆయన లేడని తెలిసీ, శనివారం సాయంత్రం అలవాటుగా వెతికి దించేశాను. ఫోను స్పీకరుకి కలిపి మోగించాను. నేనూ అదే మొదటిసారి వినడం. కింద లావు గిటారు ఒక్కటే మొదలైంది. అత్త చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మంచం మీదికి వెళ్ళి, అక్కడ దేన్ని పట్టుకోవాలో తెలియక, వెనక్కి వచ్చింది. కాసేపటికి తన ఎడమ మణికట్టు తనే ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో దానిమీద తట్టడం మొదలుపెట్టింది.

"పెద్దోడు ఒచ్చినాడు," అంది. "ఒక్కడే ఉన్నాడు. ఇంకా ఎవులూ రాలేదు... ఇదిగో, డోలు."

నేను గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పాట మధ్యలో, మా మావయ్యకి ఎలాంటివి నచ్చేవో సరిగ్గా అలాగే, తాళం ఉన్నట్టుండి తిరగబడింది. అత్త వేళ్ళు తప్పిపోయాయి. మణికట్టు మీద గాల్లో ఆగి, ఎక్కడ పడాలో వెతుక్కుంటున్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఉండు, ఉండు," అంది, నాతో కాదు. "మల్లీ అట్టుకుంటాను."